స్రవంతి మరిచిపోలేదు

స్రవంతి ఆ రోజు ఏదీ మరిచిపోలేదు. ఈ ఒక్క ముక్క నోట్లోంచి రాక ఇన్నేళ్ళు మోశాను. అన్నం తింటుంటే గొంతులో అడ్డం పడేది. పిల్లలకు లెక్కలు చెబుతుంటే మధ్యలో గుర్తొచ్చేది, చాక్‌పీసు పట్టుకుని బోర్డు ముందు అట్లాగే నిలబడిపోయేదాన్ని. ఎవరికన్నా చెప్పుకుందామంటే నాకున్న మనిషి స్రవంతి ఒక్కతే. ఆమెకే చెప్పకూడని మాట ఇది. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళయితే మధ్యలో అందంగా అబద్ధం కలుపుతాను, ఆ విద్య నాకు బాగా వచ్చు.

మేమిద్దరం కోదాడలో ఇంజనీరింగ్ చదివాం. హాస్టల్లో పక్కపక్క మంచాలు. చదువైపోయాక సూర్యాపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో చేరాం, నేను లెక్కలకు, ఆమె సైన్సుకు. రెండు గదుల పోర్షన్ కిరాయికి తీసుకున్నాం. చివ్వెంల పక్కనే మా ఊరు, రోజూ బస్సులో వచ్చిపోవచ్చు కదా అని మా అమ్మ అనేది. వచ్చిపోవచ్చు. కానీ పొద్దున లేవగానే స్రవంతి జుట్టు ముడేసుకుంటూ చాయ్ పెట్టడం నేను చూడాలి. అది ఎందుకు చూడాలో మా అమ్మకేం చెప్పను? ఇష్టం అంటే చాలదు. ప్రేమ అందామంటే ఆ మాట సినిమాల్లో అబ్బాయిలకు రాసిచ్చేశారు. నేను ఏమీ అనలేదు. ఆమె కూడా ఏమీ అడగలేదు.

మాధవి మూడో మనిషిగా వచ్చింది. మిర్యాలగూడ పిల్ల, వాళ్ళకు రైస్‌మిల్లు ఉంది. నాన్న లేడు, అన్న మాటే ఇంట్లో వేదం. ఆ అన్నతో కొట్లాడి మా స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరింది. కిరాయి కలిసొస్తుందని ఇంట్లోకి రమ్మన్నది నేనే. కొరివితో తల గోక్కోవడమంటే అదే మరి!

ఆ సీరియల్ దొరికింది మాధవికే. పరాయి దేశపు సీరియల్, తెలుగులో డబ్బింగు చేసింది. సముద్రం పక్కన పెద్ద పట్నం, అందులో బట్టలుతికే దుకాణం, దాని చుట్టూ అయిదుగురు స్నేహితురాళ్ళు. వాళ్ళు ఆడవాళ్ళనే ప్రేమిస్తారు. పోట్లాడుకుంటారు, విడిపోతారు, మళ్ళీ అదే దుకాణంలో కూర్చుని ఒకరి బట్టలొకరు మడతపెడతారు. మొదటిసారి చూసినప్పుడు ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. డబ్బింగు మాత్రం ఘోరం. ‘ప్రియ మిత్రమా, నీ దుఃఖమును నాతో పంచుకొనుము’ అని ఎర్రజుట్టామె అనేది. స్రవంతి వెంటనే దాన్ని మా భాషలోకి దింపేది: ‘ఏందే ఏడుస్తున్నవ్? జర చాయ్ తాగు, అంతా ఖతమైతది.’ కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం. వాళ్ళ పేర్లు మాకు నోరు తిరగక పొట్టిది, ఎర్రజుట్టామె, కళ్ళజోడామె అని పిలుచుకునేవాళ్ళం. కళ్ళజోడామె ఎర్రజుట్టామెను ప్రేమిస్తుంది, చెప్పదు. అది నేనే అని మొదటి ఆదివారమే నాకు తెలిసిపోయింది.

ఆదివారానికి ఒక్క భాగమే చూడాలని ఒట్టు పెట్టుకున్నాం. ముగ్గురం కలిసే చూడాలి. ఎవరూ ముందుకు పోవద్దు. మీకు నవ్వొస్తుందేమో. నాకు మాత్రం ఆ ఒట్టు పుస్తెలతాడంత గట్టిది.

ఒక శనివారం నేను టెన్త్ పిల్లలకు స్పెషల్ క్లాసు చెప్పి ఇంటికొచ్చాను. వాళ్ళిద్దరూ బజారుకు పోయారు. రేపటి భాగం ఎంతసేపుందో చూద్దామని ఫోన్లో ఆ సీరియల్ వచ్చే యాప్ తెరిచాను. ఎంతవరకూ చూశారో చూపించే ఎర్రగీత ఆ భాగం కింద చివరి దాకా పోయి ఉంది. నేను లేనప్పుడు చూసేశారు. నేను ఒంటరిగా కూర్చుని అదంతా చూశాను. కళ్ళజోడామె తన మనసు చెప్పే భాగం అది. ఎర్రజుట్టామె ఆమె చెంప నిమిరి, నువ్వు నాకు తోబుట్టువువంటుంది. తోబుట్టువట!

అంటే వాళ్ళకు తెలుసు. నన్ను ఆ కళ్ళజోడామెలో వాళ్ళు కూడా చూశారు. ముందే చూసిపెట్టుకున్నది నా గురించేనా, నేను ఎట్లా తట్టుకుంటానో అని జాలిపడ్డారా, లేక వాళ్ళ మధ్య ఏదో ఉండి, ఆగలేక చూశారా? ఇన్నేళ్ళు ఎన్నిసార్లు వేసుకున్నానో ఈ ప్రశ్న. జాలి అయితేనే నాకు ఎక్కువ మంట. మర్నాడు ముగ్గురం దుప్పటి కప్పుకుని కూర్చుని మళ్ళీ చూశాం. సరిగ్గా ఆ మాట దగ్గర స్రవంతి ‘అయ్యో’ అంది, మొదటిసారి చూసినట్టే. దుప్పటి కింద మాధవి చేయి స్రవంతి వైపు కదలడం నేను చూశాను.

తర్వాత కొన్నాళ్ళకు ఆ యాప్‌లో మేం చూసే అకౌంట్లో నా పేరు పక్కన ఇంకో పేరు పుట్టింది. ‘స్రవంతి మాధవి’. ఎవరి పేరు మీద వాళ్ళు విడిగా చూసుకోవచ్చు కదా, అట్లా. అకౌంటు నాది, నంబరు నాది. నా అకౌంట్లోనే కాపురం పెట్టారు! నేను కనుక్కోనట్టే ఉన్నాను. నవ్వాను కూడా. కుళ్ళు, ఓర్వలేనితనం, ఏమన్నా అనండి. మా నానమ్మ అయితే కండ్లల్ల నిప్పులు పోసుకున్నది అనేది.

ఆ ఏడు సద్దుల బతుకమ్మకు మాధవి మమ్మల్ని మిర్యాలగూడకు పిలిచింది. పొద్దున ఇంట్లో అందరం పూలు పేరుస్తున్నాం. మాధవి వాళ్ళమ్మ స్రవంతిని పట్టుకుంది: ‘బిడ్డా, నిన్న కరెంటు పోయి నా సీరియల్ పోయింది. జర పెట్టియ్యరాదు?’ స్రవంతి హాల్లో టీవీలో మా అకౌంటు తెరిచి, ఆమె సీరియల్ వెతికి పెట్టింది. అది అయిపోయేదాకా పక్కనే కూర్చుంది. అయిపోగానే లాగౌట్ చేసింది. ఒకసారి కాదు, మళ్ళీ తెరిచి చూసి, పోయిందని ఖాయం చేసుకుని మరీ లేచింది. ఆ అకౌంట్లో ఏముందో ఆమెకు తెలుసు. గడపలో తంగేడు పూలు ఒళ్ళో పెట్టుకుని నేను అదంతా చూశాను.

సాయంత్రం స్రవంతి మాధవి చీర కట్టుకుంది. ఆకుపచ్చ పట్టుచీర. నా చీర ఎప్పుడిచ్చినా, నీ రంగులు నాకు నప్పవే అనేది. వాడకట్టు ఆడవాళ్ళందరి మధ్య వాళ్ళిద్దరూ పక్కపక్కన చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. ఎవరికీ ఏమీ కనిపించలేదు. నాకు తప్ప. బతుకమ్మలను నీళ్ళలో వదలడానికి అందరూ బయల్దేరుతుంటే నాకు తలనొప్పి అన్నాను. మాధవి వాళ్ళమ్మ తాళంచెవి నా చేతిలో పెట్టి, ‘చాయ్ పెట్టుకోని తాగి పండుకో బిడ్డా, నీదే ఇల్లనుకో’ అంది. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

చాయ్ పెట్టుకోలేదు. టీవీ పెట్టాను. నా నంబరు కొట్టి, ఆ జంటపేరు తెరిచి, ఎర్రజుట్టామె పొట్టిదాన్ని ముద్దుపెట్టుకునే చోట ఆపి, టీవీ కట్టేశాను. మళ్ళీ ఎవరు పెట్టినా ముందు కనిపించేది అదే. మాధవిని అన్న నాలుగు తిడతాడు, ఉద్యోగం మానిపిస్తాడు, సూర్యాపేటలో మళ్ళీ మేమిద్దరమే ఉంటాం. అంతే అనుకున్నాను. అంతేనా? ఆ అన్న ఎట్లాంటివాడో నాకు తెలియదా? తెలుసు. తెలిసే చేశాను.

మేమిద్దరం మర్నాడు వచ్చేశాం. పండుగైపోయాక మాధవి రాలేదు. వాళ్ళన్న వచ్చి ఆమె సామాను తీసుకుపోయాడు. పక్కింటివాళ్ళ ఫోను నుంచి మాధవి స్రవంతికి ఒక్కసారి చేసింది. టీవీలో తమ ఇద్దరి పేర్లు అన్న చూశాడని, తన ఫోను గుంజుకున్నాడని చెప్పి పెట్టేసింది. స్రవంతి ఫోను పట్టుకుని నా దగ్గరికి ఉరికొచ్చింది.

‘నేను తీసేసిన గదనే? నీ ముందలనే లాగౌట్ చేసిన. నువ్వు సూసినవ్ గద?’

సూసిన అంటే అయిపోయేది. పొరపాటున ఏదో అయి ఉంటది అన్నా సరిపోయేది. అప్పుడు కూడా నాకు ఒక్కటే భయం, అకౌంటు నాది కాబట్టి అనుమానం నా మీదికి వస్తుందని.

‘సూసిన. నువ్వు తియ్యలే స్రవంతీ. సీరియల్ అయిపోంగనే టీవీ బంద్ చేసి పూల కాడికి ఉరికినవ్.’

‘గట్లనా? మరి నాకు తీసేసినట్టే యాదికుంది.’

‘పండుగ సందట్ల నీకేం యాదుంటది?’

ఆమె నా కళ్ళలోకి చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. నన్ను నమ్మింది. తనను తాను నమ్మడం మానేసి నన్ను నమ్మింది. ‘నా చేతులతోని నేనే దాని బతుకు ఆగం చేసిన’ అని తల బాదుకుంటుంటే ఆ చేతులు పట్టుకుని ఆపింది నేనే.

మాధవికి నెల తిరక్కుండానే పెళ్ళి చేశారు. దామరచర్లలో కరెంటు ప్లాంటు పనులు చేయించే కాంట్రాక్టరు. ఆమె ఒప్పుకుందా అని ఎవరూ అడగలేదట. స్రవంతి తిండి మానేస్తే ముద్దలు కలిపి నోట్లో పెట్టాను. జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయాను. మెల్లగా, చాలా మెల్లగా, ఆమె నా మనిషయింది. నువ్వు లేకపోతే సచ్చిపోదునే అంటుంది. నేను కోరుకున్నదంతా దొరికింది. తేలు కుట్టిన దొంగలా దాన్ని అనుభవించాను.

కానీ ఆమెకు తన బుర్ర మీద నమ్మకం పోయింది. గ్యాస్ బంద్ చేసిన్నా? తాళమేసిన్నా? చేసినవ్, ఏసినవ్ అని నేను చెబితేగానీ అడుగు ముందుకు పడదు. సగం దారి పోయి వెనక్కి వస్తుంది. స్కూల్లో ల్యాబు తాళాలు వద్దని తిరిగిచ్చేసింది, ఏ మంట ఆర్పడం మరిచిపోయి పిల్లలను కాల్చేస్తానో అని. ఈ పొద్దున ఉద్యోగమే మానేస్తానంది. ‘నేను మనుషుల మధ్యల ఉండేదాన్ని కాదే. ఒకదాన్ని ముంచిన, సాలదా?’ అంది. కుక్కర్ మీద విజిల్ పెట్టి, పెట్టానా లేదా అని మళ్ళీ తడుముతోంది. ఆ చేయి చూస్తూ ఉండలేకపోయాను.

‘ఆ రోజు నువ్వు లాగౌట్ చేసినవ్ స్రవంతీ. రెండుసార్లు సూస్కున్నవ్. నేనే మల్ల పెట్టిన’ అన్నాను.

తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. పొయ్యి ఆపేసింది. తర్వాత ఒక్కటే అడిగింది: ‘మాధవికి తెల్సా?’

నమ్మండి, ఆ క్షణంలో కూడా నాకు మండింది. ఇన్నేళ్ళు నీకు ముద్దలు పెట్టింది నేను. నీ పక్కన పడుకున్నది నేను. నీ నోట ముందు వచ్చింది దాని పేరా? ఈ మాట ఆమెతో అనలేదు, మీతో అంటున్నాను. తెలియదు అన్నాను. ఆమె చెప్పులేసుకుని, దామరచర్ల పోతున్న అని చెప్పి, మెట్లు దిగింది. మాధవి మొగుడు తలుపు తీస్తాడో లేదో, మాధవి ఆమె ముఖం చూస్తుందో లేదో నాకు తెలియదు. తిరిగి వస్తుందో లేదో అసలే తెలియదు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సినవాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళిప్పుడు ఒకచోట చేరబోతున్నారు. చేర్చింది కూడా నేనే. గొంతులో ఉన్నది పోయింది, ఇందాక అన్నం అడ్డం పడకుండా దిగింది. కానీ స్రవంతి ఈపాటికి మిర్యాలగూడ దాటి ఉంటుంది, కిటికీ పక్కన కూర్చుని మాధవితో ఏం చెప్పాలో మాటలు వెతుక్కుంటూ ఉంటుంది. అది తలుచుకుంటే నాకింకా కుళ్ళుగానే ఉంది.