పదో నంబరు మంచం

దర్జీ కూతురు నర్సింగులో చేరేనాటికి వాళ్లమ్మ పోయి మూడేళ్లయింది. పక్షవాతంతో మాటా, కుడిచెయ్యీ పడిపోయిన ఆ మనిషి పెద్దాసుపత్రిలో పదో నంబరు మంచం మీద పందొమ్మిది రోజులుంది. ఆ వార్డు హెడ్‌నర్సు మంచినీళ్ల గ్లాసు ఎప్పుడూ పడిపోయిన చెయ్యి వైపే పెట్టేది. అమ్మ ఎడమచేత్తో సైగ చేస్తే, "ఆగమ్మా, నీ ఒక్కదానికేనా నేనున్నది?" అనేది. లోపలికి రానివ్వకపోవడంతో కూతురు గుమ్మం దగ్గరే నిలబడి ఆ మాట వినేది.

రెండో సంవత్సరంలో ఆ హెడ్‌నర్సే వాళ్లకు ట్యూటరుగా వచ్చింది. దర్జీ కూతురు చూడగానే గుర్తుపట్టింది. పళ్లబిగువున ఊరుకుంది.

ఒకరోజు ప్రాక్టికల్ పెట్టారు. ఒకరు రోగిగా పడుకోవాలి, ఇంకొకరు నర్సుగా చూసుకోవాలి. రోగిగా పడుకున్న పిల్ల పకపకా నవ్వుతుంటే ట్యూటరుకు ఒళ్లు మండింది.

"లేవవే! రోగి ఎలా ఉంటుందో నేను చూపిస్తా," అని తనే మంచమెక్కింది. "నాకు పక్షవాతం. నోరు విప్పను. కుడిచెయ్యి కట్టెయ్యండి. బెల్లు కొట్టేదాకా ఎవరూ ఆపకూడదు. నర్సెవరు?"

"నేను మేడమ్," అంది దర్జీ కూతురు.

గ్లాసు నిండా నీళ్లు పోసి, కట్టేసిన చెయ్యి వైపు పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. పొద్దుటి నుంచీ పాఠాలు చెప్పి గొంతెండిన ట్యూటరు ఎడమచెయ్యి ఊపింది.

"ఆగమ్మా, నీ ఒక్కదానికేనా నేనున్నది?"

భలే నటిస్తోందని క్లాసంతా ఘొల్లున నవ్వింది. ట్యూటరు మళ్లీ ఊపింది. మళ్లీ అదే మాట. తను పెట్టిన నియమం నలభైమంది ముందు తనే తప్పడానికి ఆవిడకు మనసొప్పలేదు. ఒళ్లంతా మెలితిప్పి గ్లాసు అందుకోబోయి ఒలకబోసుకుంది.

"పక్క తడిపావా? సాయంత్రం దాకా అలాగే పడుకో."

నవ్వులు ఆగిపోయాయి. దర్జీ కూతురి కడుపు మాత్రం చల్లబడింది.

బెల్లు మోగింది. కట్టు విప్పగానే ట్యూటరు అడిగింది. "నీకు నేనేం చేశానే?"

"పదో నంబరు మంచం. మా అమ్మ."

ట్యూటరు చాలాసేపు ఆలోచించింది. "గుర్తులేదు," అంది. అబద్ధమాడినట్టు లేదు.

అదే దర్జీ కూతుర్ని ఇంకా మండించింది. "నాకుంది మేడమ్. ఇవాళ్టి నుంచి మీకూ ఉంటుంది."

వారం రోజులు క్లాసుకు రావద్దన్నారు. క్షమాపణ రాయమంటే ఖాళీ కాగితం కింద సంతకం పెట్టి ఇచ్చింది. ఇంటికెళ్లి జరిగిందంతా నాన్నకు చెప్పింది. ఆయన మిషను ఆపి విన్నాడు.

"బెల్లు కాస్త తొందరగా కొట్టారమ్మా," అన్నాడు.

ఆమె చదువు పూర్తయింది, ఉద్యోగమూ వచ్చింది. చేసింది తప్పేనని ఎవరైనా అంటే ఇప్పటికీ కాదనదు. అందుకు బాధా పడదు.