ఒడిబియ్యం మూట

చిట్యాలలో రోడ్డు పక్కన మాది సెల్‌ఫోన్ రిపేర్ షాపు. నేను పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు. బుద్ధి తెలిసినప్పటి నుంచీ నేను మగవాణ్ణే. నా భార్యను పుట్టినప్పుడు మగపిల్లాడన్నారు. మాకు ఒక బిడ్డ కావాలనిపించింది. గడ్డం కోసం వేయించుకునే సూదులు డాక్టరమ్మను అడిగి మానేశాను. కొన్నాళ్ళకు నేను నెల తప్పాను. ఇంతే సంగతి. దీన్నే తర్వాత వీడియోలో అరగంట సాగదీశారు.

దవాఖానలో చీటీ రాసే ఆమె నా గడ్డం చూసి, "పేషెంటును పిలువు తమ్మీ" అంది. "నేనే అక్కా" అన్నాను. కాసేపు నోరు తెరుచుకుని చూసి, "మంచిగ తింటున్నవా మరి?" అని అడిగింది. తర్వాత కెమెరాలతో వచ్చినవాళ్ళు ఎవరూ ఆ మాట అడగలేదు.

ఏడో నెల దాటాక అమ్మ కోసం ప్రాణం కొట్టుకుపోయింది. మా దిక్కున తొలి పురుడు తల్లిగారింట్లోనే. తిరిగి పంపేటప్పుడు పసుపు కలిపిన ఒడిబియ్యం ఒళ్ళో పోస్తారు. నేను ఇల్లు వదిలి అప్పటికి ఆరేళ్ళు. అమ్మకు ఫోన్ లేదు. అన్నకు చేస్తే నా గొంతు వినగానే పెట్టేసేవాడు. ఒడిబియ్యం లేకపోతే పోనీ, అమ్మ వచ్చి పక్కన కూర్చుంటే చాలనుకునేవాణ్ణి.

అప్పుడే ఒక యూట్యూబ్ చానెల్ వాళ్ళు వచ్చారు. ఊళ్ళో అమ్మ పక్కింటి చిన్నమ్మ ఫోన్లో వీడియోలు చూస్తుందని నాకు తెలుసు. ఆమె నంబరు నా దగ్గర లేదు, అందుకే ఒప్పుకున్నాను. చొక్కా ఎత్తమన్నారు, ఎత్తాను. నా పాత లంగా ఓణీ ఫోటో కావాలన్నారు, ఇచ్చాను. మా ఊరు మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడ్ నీళ్ళకు వంకరపోయిన అమ్మ కాళ్ళ బొమ్మలు తీసుకుపోయి, ఆమె మాటను వదిలేసిన కెమెరాలను చిన్నప్పుడే చూశాను. నాకు బుద్ధి ఉండాలి. అయినా చివర్లో కెమెరాలోకి చూస్తూ, "అమ్మా, నాకు భయమైతాంది. పురుడుకు నువ్వు రా" అన్నాను. మైకు పట్టుకున్న అమ్మాయి, "మస్తు వచ్చిందన్నా" అంది.

వీడియో వచ్చింది. నా పొట్ట చుట్టూ ఎర్ర గీత, వెనక డప్పుల మోత, మాట మాటకూ 'వింత'. అమ్మను పిలిచిన మాట మాత్రం లేదు. అడిగితే, "టైం ఎక్కువైందన్నా, కట్ చేసినం" అన్నారు.

పాప పుట్టింది. వాకిట్లో ఆటో ఆగిన ప్రతిసారీ మంచం మీంచి తల ఎత్తేవాణ్ణి. ఇరవై ఒకటో నాడు పాపను తొట్టెలలో వేసి పేరు పెట్టేటప్పుడు కూడా, కాసేపు ఆగుదామని నా భార్యను బతిమాలాను. అమ్మ రాలేదు. నాకూ రోషం వచ్చింది. మళ్ళీ కబురు పెట్టలేదు.

పోయిన ఎండాకాలం అమ్మ చనిపోయింది. నాలుగేళ్ళ పాపను ఎత్తుకుని వెళ్ళాను. అన్న పలకరించలేదు. చిన్నమ్మ నన్ను తన ఇంట్లోకి పిలిచి, ఒక మూట చేతిలో పెట్టింది.

"గా వీడియో నా ఫోన్లనే సూశింది మీ అమ్మ. మల్ల మల్ల పెట్టిచ్చుకుంది. 'నన్ను రమ్మంటడేమో జర మంచిగ ఇను' అనేది. నువ్వు అననే లేదాయె. పిలువకుంట వస్తే నీకు నచ్చదేమో అని ఊకుంది. బియ్యం మాత్రం గప్పుడే కలిపింది. మీ అన్న సూస్తడని మా ఇంట్ల దాసింది."

"రమ్మన్నాను చిన్నమ్మా, వీడియోవాళ్ళు ఆ మాట కోసేసిండ్రు" అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మూట విప్పాను. పసుపు బియ్యం పురుగు పట్టి సగం పిండి అయిపోయింది. రెండు ఎండుకొబ్బరి కుడుకలు ఉన్నాయి. ఆడపిల్లకైతే వాటితో పాటు రైకముక్క పెడతారు. అమ్మ పెట్టింది తువ్వాల, మా దిక్కున కొడుకులకూ అల్లుళ్ళకూ భుజాన కప్పేది. ఇంకా మడత విప్పని కొత్తది. కప్పాల్సిన మనిషి లేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను.