మెడ మీద తడి చెయ్యి

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లని చూసి నవ్వే మనిషిని నేను. మద్దిలపాలెంలో జాకెట్లు కుట్టుకుని బతికేదాన్ని, అలాంటివాటికి తీరికెక్కడిది? ఇప్పుడూ నమ్ముతున్నానని చెప్పను. జరిగింది చెబుతాను, అంతే.

పోయినేడాది నా కుడి కంట్లో సరిగ్గా చూపు నిలిచే చోట రంధ్రం పడింది. సూది కనబడేది, బెజ్జం మాయం. మనిషిని చూస్తే జుట్టు, చెవులు ఉండేవి, మొహం ఉండేది కాదు. ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ మందమే. ఈ కన్ను కూడా పోతే నా మిషను మూలపడ్డట్టే.

ఆపరేషన్ చేసి కంట్లో గ్యాస్ నింపారు. ఆ బుడగ పైకి తేలి రంధ్రాన్ని నొక్కిపట్టాలట. అందుకని వారం పాటు బోర్లా పడుకోమన్నారు. తల ఎత్తితే చేసిందంతా వృథా.

చెప్పడం తేలికే. మెడ విరిగిపోయేది. దానికి తోడు చూడవచ్చేవాళ్లు. మావైపు, ఇంటికొచ్చినవాళ్లకి మొహం చూపించకపోతే తప్పు. "ఏటమ్మా, ఓపాలి ఇలా సూడు" అనేవారు. మొహమాటానికి తల తిప్పబోయేదాన్ని. విసిగిపోయి మా ఆయన స్టీల్‌ప్లాంట్ డ్యూటీకి వెళ్తూ బయట తాళం వేసి, తాళంచెవి పక్కింటి అప్పలనర్సమ్మకి ఇవ్వడం మొదలుపెట్టారు.

ఒక మధ్యాహ్నం ఇక నా వల్ల కాలేదు. ఏడుపొచ్చింది. కన్ను పోతే పోనీ అనుకుని లేవబోయాను.

మెడ మీద ఒక చెయ్యి పడింది. చల్లగా, తడిగా ఉంది. మంచం పక్కన, నా మందపు కంటికి ఆనినంత మేర, పసుపు రాసిన పాదాలు, మట్టెలు.

"ఓర్సుకోయే తల్లీ. తలెత్తకు. నానున్నాను గదా" అంది.

అప్పలనర్సమ్మే అనుకున్నాను. ఆ చెయ్యి అలా ఉండగానే నిద్రపట్టేసింది. ఆపరేషనయ్యాక అంత హాయిగా పడుకున్నది అప్పుడే.

సాయంత్రం అప్పలనర్సమ్మ తాళం తీసి కాఫీ తెచ్చింది. ఆవిడ పాదాలకి పసుపు లేదు. మధ్యాహ్నం వచ్చావు, బతికించావు అన్నాను.

"నానెప్పుడొచ్చాను? పూర్ణా మార్కెట్‌కెళ్లి ఇప్పుడే కదా దిగాను. తాళంసెవి నా కొంగుకే ముడేసుంది" అంది.

మత్తుమందు వల్ల అన్నారు మా ఆయన. మత్తు దిగి అప్పటికే రోజులయింది. అయినా వాదించే ఓపిక లేదు.

రంధ్రం మూసుకుంది. దారం ఎక్కించుకుంటున్నాను, మొహాలు నిండుగా కనబడుతున్నాయి. కొలతలివ్వడానికి ఎవరొచ్చినా ముందు పాదాలే చూస్తాను. ఆవిడెవరో ఇప్పటికీ తెలీదు. ఆ రోజు ఆవిడ రాకపోతే నేను లేచి కూర్చునేదాన్ని. అదొక్కటి మాత్రం నాకు బాగా తెలుసు.