పెద్దమ్మ పడేసే పెట్టెలు

మా పెద్దమ్మ పింగాణీ సామాను కట్టిన ప్రతి పెట్టెనూ నడుమెత్తుకు లేపి నేల మీద పడేసేది. ఎవరి పెట్టె అయినా సరే. ఆ సామాను తాలూకు మనిషి ఎదురుగా నిలబడి చూస్తుండగానే.

కొట్టు పెద్దమ్మది. దూరపు ఊళ్ళకు సామాను పంపేవాళ్ళు అక్కడికి తెచ్చి కట్టించుకునేవారు. పెద్దనాన్న తూకం చూసేవాడు. నేను పెట్టెల మీద చిరునామాలు రాసేవాణ్ణి. చెక్క, ఇత్తడి, పుస్తకాలు ఏవి వచ్చినా మేమూ చెయ్యి వేసేవాళ్ళం. పింగాణీ వస్తే మాత్రం పెద్దమ్మ ఒక్కతే. మేము గోడకు ఆనుకుని నిలబడాలి. తుమ్ము వస్తే వీధిలోకి వెళ్ళాలి.

ఆవిడ కట్టుకు వంక పెట్టేవాళ్ళు లేరు. అడుగున నలిపిన కాగితం దట్టంగా పరిచేది. కప్పులకు ముందు చెవులు చుట్టి, తర్వాత ఒళ్ళు చుట్టేది. పళ్ళేలను పడుకోబెట్టేది కాదు, అంచు మీద నిలబెట్టేది.

“పడుకోబెడితే ఇంకో నాలుగు పడతాయి కదా పెద్దమ్మా?” అని ఒకసారి అడిగాను.

“పడుకున్నవాళ్ళ మీద అందరూ కూర్చుంటార్రా,” అంది.

భోజనమయ్యాక బల్ల మీద నడుం వాల్చిన పెద్దనాన్న ఈ మాట విని లేచి కూర్చున్నాడు.

పెట్టె నిండాక దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపేది. “లోపల గుసగుసలు వినిపిస్తున్నాయి,” అని మళ్ళీ విప్పి, సందుల్లో కాగితం కూరేది. మళ్ళీ ఊపేది. గుసగుసలు ఆగాక మూతకు పట్టీ అంటించి, రెండు చేతులతో ఎత్తి, వదిలేసేది.

ధబ్బుమనేది. అంతే. లోపలినుంచి చిన్న చప్పుడు కూడా వచ్చేది కాదు.

చప్పుళ్ళన్నీ బయటే. కొత్తగా పెళ్ళయిన ఒకాయన పెట్టె నేలను తాకకుండా కాలు అడ్డం పెట్టాడు. పళ్ళేలు క్షేమం. బొటనవేలు మాత్రం వాచింది. ఒక వకీలుగారు పెట్టె గాల్లో ఉండగా “కేసు వేస్తాను!” అని అరిచారు. విప్పి చూపించాక, ఏమని వెయ్యాలో తెలియక, మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళారు.

“ఇదేం పద్ధతండీ?” అని అడగనివాళ్ళు లేరు.

“ఇక్కణ్ణుంచి అక్కడికి చేరేలోపు దీన్ని ఎంతమంది పడేస్తారో మీకు తెలుసా?”

“తెలీదు.”

“నాకూ తెలీదు. అందుకే మొదటిసారి నేనే పడేస్తాను.”

పక్క కొట్టు దర్జీకి ఈ ధబ్బుధబ్బులతో పెద్ద చిక్కు వచ్చిపడింది. ఒకసారి చప్పుడుకు అదిరిపడి చొక్కా చెయ్యి మీద మిషను ఎక్కించేశాడు.

“అక్కా, నీకు దణ్ణం పెడతా. పడేసే ముందు ఒక్క కేక వెయ్యి.”

అప్పట్నుంచి పెట్టె ఎత్తగానే పెద్దమ్మ “తమ్ముడూ, పడుతోంది!” అని గోడ అదిరేలా అరిచేది. దర్జీ మిషను ఆపేవాడు. సామాను తెచ్చినవాళ్ళ గుండె కూడా ఆగినంత పనయ్యేది.

ఆవిడ గొప్ప ఒక్కటే. తన చేతి కట్టులో ఒక్కటీ పగల్లేదు. ఈ సంగతి అడిగినవాళ్ళకు చెప్పేది. అడగనివాళ్ళకు ఇంకొంచెం వివరంగా చెప్పేది.

ఒక రోజు మేడింటావిడ వచ్చింది. మా వీధి చివర రెండంతస్తుల ఇల్లు ఆవిడది. వెనక వాళ్ళ వంటావిడ, తువ్వాళ్ళలో చుట్టిన టీ సెట్టు ఉన్న బుట్టను గుండెకు హత్తుకుని మోసుకొస్తోంది. వంటావిడకు తల నెరిసింది. చేతులు సన్నగా వణుకుతున్నాయి.

“మా చెల్లెలికి పంపాలి. మా అమ్మది. ఎప్పట్నుంచో నాకు నాకు అని ప్రాణం తీస్తోంది,” అంది మేడింటావిడ. “మీరే స్వయంగా కట్టాలి. మా మనిషిని నమ్ముకుంటే ఇంట్లో ఒక్క పాత్ర మిగిలేట్టు లేదు. మొన్న గాజు గిన్నె, నిన్న ఉప్పు జాడీ. ఇంకొక్కటి పగిలిందా, పన్లోకి రానక్కర్లేదని చెప్పేశాను.”

వంటావిడ నేలకేసి చూసింది. పెద్దమ్మ బుట్ట అందుకుంది.

మేడింటావిడ వీధి వైపు కుర్చీ లాక్కుని చెల్లెలికి ఫోను కలిపింది. ఇక్కడ పెద్దమ్మ ఒక్కొక్క తువ్వాలూ విప్పి, ఒక్కొక్క కప్పు అంచునూ వేలితో నిమిరి పక్కన పెట్టింది. టీ పాట్ దగ్గర వేలు ఆగింది. వంటావిడ మొహం పాలిపోయింది. పెద్దమ్మ ఆవిడకేసి చూసి, “ఎండన పడి వచ్చారు. కూర్చోండమ్మా,” అని తన పీట జరిపింది.

ఆ రోజు కట్టడం ఎందుకో చాలాసేపు పట్టింది. పెద్దమ్మ నుదుటి మీద చెమట పట్టింది. కాగితం కూరింది, తీసింది, మళ్ళీ కూరింది. పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపనే లేదు. పట్టీ వేసి ఎత్తింది.

“తమ్ముడూ, పడుతోంది!”

ధబ్బు. ఆ వెంటనే లోపల టంగుమని ఒక చప్పుడు.

పెద్దనాన్న తూకం రాయి చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. గోడవతల దర్జీ, “అక్కా?” అన్నాడు. మిషను మళ్ళీ కదల్లేదు.

పెద్దమ్మ పెట్టె విప్పి టీ పాట్ బయటికి తీసింది. దానికి టీ పోసే కొమ్ము లేదు. విరిగిన చోటును అరచేత్తో మూసి పట్టుకుని, “నాదే పొరపాటు తల్లీ. కట్టు వదులైంది,” అంది. ఆ మాట ఆవిడ నోట వస్తుందని మేమెవ్వరం కలలో కూడా అనుకోలేదు.

“అయ్యో! చెల్లెలికి ఏం చెప్పను?” అని మేడింటావిడ కుర్చీలోంచి లేచింది. పెట్టేసిన ఫోను కేసి ఒకసారి చూసుకుంది. “పోనీలెండి. దానికి టీ పెట్టడం ఎలాగూ రాదు.” తర్వాత వంటావిడ వైపు తిరిగింది. “చూశావా? ఇంత పేరున్న మనిషి చేతిలో ఇదీ సంగతి. ఈవిడకన్నా నువ్వే నయం!”

వంటావిడ నోరు తెరిచింది. పెద్దమ్మ ఆవిడ కాలు తొక్కింది.

“మిగతావి నువ్వే కట్టు,” అంది మేడింటావిడ. “మీరు మాత్రం ఆ పెట్టె మీద చెయ్యి వెయ్యకండి. పడెయ్యడం అసలే వద్దు. నాకు మాటివ్వండి.”

పెద్దమ్మ మాటిచ్చింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి, “చెవులు ముందమ్మా. సాసర్లు నిలబెట్టండి. సందులు, సందులు,” అంటూ నోటితో కట్టించింది. వంటావిడ ప్రతి కప్పునూ నిద్రపోతున్న పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టింది. ఆవిడ చేతులు ఎప్పుడు వణకడం మానేశాయో నేను గమనించలేదు. ఇద్దరూ వెళ్ళిపోయారు. మేడింటావిడ ఖాళీ బుట్ట తనే పట్టుకుంది.

టీ పాట్ ముక్కలు పారెయ్యబోతూ కొమ్ము చివర చూశాను. అంచంతా జిగురు ఎండి తెల్లగా ఉంది. అది మా కొట్లో విరిగింది కాదు.

“పెద్దమ్మా, ఇది ముందే విరిగింది కదా?”

“మెల్లిగా మాట్లాడు.”

“మరి ఆ చప్పుడు?”

“మూతది. కాగితం చుట్టకుండా పెట్టాను.” ఆవిడ పీట మీద కూలబడింది. “అబ్బ, నా జన్మలో ఇంత కష్టమైన కట్టు కట్టలేదురా. జిగురు ఊడాలి, మూత మోగాలి, మేడింటావిడకు వినపడాలి, పక్కనున్న కప్పులకు తెలియకూడదు.”

“ఒక్కటీ పగల్లేదని ఇక ఎవరితో చెప్పుకుంటావు?” అన్నాడు పెద్దనాన్న.

“ఒక్కటే పగిలిందని చెప్పుకుంటాను. అదింకా నమ్మేట్టు ఉంటుంది.”

అన్నదే గానీ, ఆవిడకు స్థిమితం లేదు. ఆ పెట్టె చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. పడెయ్యకుండా కొట్టు దాటుతున్న మొదటి పింగాణీ పెట్టె అది. దారిలో ఏదైనా పగిలితే, కట్టింది వంటావిడ కదా, మళ్ళీ మొదటికొస్తుంది. లారీ వచ్చే వేళయింది. పెద్దమ్మ ఒకసారి వంగింది. మాట గుర్తొచ్చి లేచింది. మళ్ళీ వంగింది.

ఉన్నట్టుండి పెద్దనాన్న వైపు తిరిగింది.

“ఏమండీ, ఆవిడ చెయ్యి వెయ్యొద్దంది నన్ను. మిమ్మల్నేమీ అనలేదుగా?”

పెద్దనాన్న తూకం రాయి పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. పెట్టెను జాగ్రత్తగా నడుమెత్తుకు లేపి, ఒకసారి మా ఇద్దరినీ చూసి, వదిలేశాడు.

ధబ్బు.

మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి విన్నాం. లోపల ఏ చప్పుడూ లేదు.

“ఎంత బాగా కట్టిందో చూశారా!” అంది పెద్దమ్మ, తనే కట్టినట్టు పొంగిపోతూ.

పెద్దనాన్న ఆ మాట విన్నట్టు లేదు. ఇంకో పెట్టె ఏదైనా ఉందేమోనని కొట్టంతా చూస్తున్నాడు.