అద్దం వెనక బానయ్య

సిరోంచ చుట్టుపక్కల పెళ్లి బరాతుల్లో రోబో వేషం కట్టి ఎగిరేది బానయ్యేనని చాలామందికి తెలియదు. ఒకప్పుడు అతను చిందు భాగోతంలో రాజు వేషగాడు. మేళం చెదిరిపోయి, పద్యం అడిగేవాళ్లు లేకపోయాక, అరవై దాటిన ఒంటికి ఈ ప్లాస్టిక్ కవచం తగిలించుకున్నాడు. ఇప్పటికీ దండం పెట్టుకోనిదే తొడగడు. మొన్న బ్యాండు నడిపే అజయ్‌కుమార్, కార్ల అద్దాలకు అంటించే వెండిరంగు ఫిలిం తెచ్చిచ్చాడు. "బాపూ, హెల్మెట్ అద్దంలకెళ్లి నీ ముసలి మొఖం కనవడుతుందట. పెండ్లోల్లు నవ్వుతున్నరు. జర గిది అంటించు. బరాత్ అయ్యేదాంక తియ్యకు." బానయ్య వాకిట్లో కూర్చుని అద్దాన్ని సబ్బునీళ్లతో తడిపాడు. ఫిలిం పరిచి, నడుమ నుంచి అంచులకు బొటనవేలితో ఒత్తుతూ, వెనకటికి ముఖానికి రంగు పూసుకున్నంత శ్రద్ధగా, ఒక్కొక్క బుడగనే బయటికి తోశాడు.

ఆ వారమే పాతగూడెంలో పెళ్లి. పాట ఆగిన సందులో ఒక ముసలామె పక్కనామెతో అంటోంది. "గివేం ఆటలు బిడ్డా! భాగోతంల బానయ్య, రాజు వేషంల కొడుకు సచ్చిండని కండ్లెత్తి సూస్తే ఊరంత ఏడ్సేది. ఇగ ఉన్నడో, పోయిండో." బానయ్య వెళ్లి ఆమె ఎదుట నిలబడ్డాడు. హెల్మెట్ దాకా లేచిన చెయ్యి, అజయ్‌కుమార్ చూస్తున్నాడని మళ్లీ దిగిపోయింది. లోపలి మసకలోనే కళ్లు పైకెత్తి, ఆనాటిలాగే చూశాడు. ముసలామె ఇంకాస్త దగ్గరికి వచ్చింది. ఆ అద్దంలో చూసుకుంటూ చెదిరిన వెంట్రుకలు సర్దుకుని, పక్కకు తప్పుకుంది.