అవ్వ పారేసిన బంక

జడ్చర్ల దగ్గరి ఒక ఊళ్లో పంతులుగా చేరిన కొత్తలో నేను కిరాయికున్న ఇంటి అవ్వకు ఒక అలవాటుండేది. ఏది చేతికొచ్చినా ముందు వాసన చూసేది.

వసారాలో ఒక మొద్దు తొర్రలో ఆమె కుట్టని చిన్న తేనెటీగలను పెంచేది. మొద్దు గరుకుగా ఉండేది కనుక ఈగలు చెట్ల మీంచి బంక తెచ్చి ప్రతి పగులునూ పూడ్చేవి. అవ్వ ఆ బంకను గీకి, నూనెలో కరిగించి పుండ్లకు రాసేది. దెబ్బ తగిలితే ఊరంతా ఆమె దగ్గరికే వచ్చేది.

మొద్దుకు చెదలు పట్టిందని నేను వడ్లాయనతో నున్నటి టేకు పెట్టె చేయించి, లోపలా బయటా రంగు వేయించి ఇచ్చాను. అవ్వ మురిసిపోయి ఈగలను అందులోకి మార్చింది.

ఆ ఏడే అవ్వ పెనిమిటి అయిన తాత కాలికి పుండు లేచింది. అవ్వ పెట్టె తెరిచి చూస్తే నున్నటి చెక్కకు బంక కొద్దిగానే ఉంది. దాన్ని వేళ్ల మధ్య నలిపి వాసన చూసింది.

"గిది ఉత్త చెట్టు బంక గాదు సారూ, రంగు కలిసింది" అని అంతా పారేసింది. నేను తల వంచుకున్నాను. "ఈగలకేమెరుక? దగ్గరున్నదే గీకినయ్" అంది.

పుండు ముదిరింది. మహబూబ్‌నగర్ దవాఖానలో తాత కాలు తీసేశారు. నేను వెళ్లేసరికి అవ్వ వరండాలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచొచ్చి చెయ్యి పట్టుకుంది.

"డాక్టరును అడిగిన బిడ్డా. బంకతోటి మానే పుండు గాదట. నువ్వు ఫికర్ జెయ్యకు."

పది రోజులకు తాత పోయాడు. అవ్వ ఆ మాట డాక్టరును నిజంగానే అడిగిందో, నా కోసం అల్లిందో తెలుసుకునే ధైర్యం నాకు ఏనాడూ రాలేదు.