సక్కుబాయి జోడీ

నానక్‌రామ్‌గూడలో పుట్టి, అక్కడే మెట్టిన మనిషి సక్కుబాయి. పొలాలున్న రోజుల్లో కలుపు పాటకు ఆమె గొంతెత్తితే గట్టు అవతలి వాళ్ళూ అందుకునేవారు. పొలాలు పోయి అద్దాల మేడలు లేచాయి. సక్కుబాయికీ నాలుగంతస్తుల ఇల్లు లేచింది. కింద కిరాయిదార్లు, పైన తను, కొడుకు నరేందర్, కోడలు ప్రవీణ. వాళ్ళిద్దరూ కంప్యూటర్ ఉద్యోగాలకు పోతే ఆమెకు తోడు టీవీ ఒక్కటే. కలుపు తీసిన జతగత్తెలంతా తలో అపార్టుమెంటుకు చెదిరిపోయారు.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. ఈ చుట్టుపక్కల కొండల్ని బిల్డర్లు ఎప్పుడో కరిగించేశారు కాబట్టి, సక్కుబాయికి కరగడానికి మిగిలినవి మోకాళ్ళే. షుగరు పెరిగింది, నిద్ర పోయింది, నోటికి రుచి తెలియడం మానేసింది. నిరుడు వినాయక నిమజ్జనానికి బస్తీ జనంతో బయల్దేరి, సగం దారిలో ఫుట్‌పాత్ మీద కూలబడింది. పదిమందీ చూస్తుండగా ఆటోలో ఇంటికి చేర్చారు. నొప్పి కంటే ఆ సిగ్గే ఆమెను ఎక్కువ కాల్చింది. "ఇగ నా పని అయిపోయింది," అని మెట్లు దిగడం మానేసింది.

ఇలాగే ఉంటే ఇన్సులిన్ సూదులు తప్పవని దవాఖానలో డాక్టరు చెప్పాడు. నరేందర్ హడలిపోయి ఇంట్లోనే నడిచే మిషను కొన్నాడు. దాని మీద ప్రవీణ బట్టలు ఆరేసుకుంది. మనిషి కావాల్సిన చోట మిషను పెడితే అంతే మరి.

ఆ రోజుల్లోనే రెండో అంతస్తులోకి కాకినాడ నుంచి సుబ్బలక్ష్మి అనే ఆవిడ కిరాయికి దిగింది. కూతురు ఆఫీసుకు పోతే ఆవిడకూ పొద్దుపోదు. అయితే గమ్మున కూర్చునే రకం కాదు. నెల తిరిగేలోగా వీధిలో ఆడవాళ్ళను పోగేసి, కింద పార్కింగులో సాయంత్రం పూట కోలాటం మొదలుపెట్టింది. కోలాటానికి జోడీ కావాలి. ఒకరు తక్కువైతే ఇంకొకరు ఊరికే నిలబడాల్సిందే. ఆ నిలబడేది సుబ్బలక్ష్మే అయింది. తిన్నగా పైకెళ్ళి ఇంటావిడ తలుపు కొట్టింది.

"మీరు రాకపోతే నేను గోడతో ఆడుకోవాలండీ."

"నాతోని ఏమైతదమ్మా? మోకాళ్ళు సుత లేస్తలేవు."

"లేచినంతే లేపండి. నాకు ఎదురుగా మనిషుంటే చాలండీ."

నీ ఆరోగ్యం కోసం కదలమని ఇంట్లో అందరూ అన్నారు. నాకోసం రండి అన్నది ఈవిడ ఒక్కతే. సక్కుబాయి గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగింది.

తొలిరోజే రభస. బతుకమ్మ ఆడి పెరిగిన ఒళ్ళు ఆమెది. దరువు వినపడగానే అలవాటుగా ముందుకు వంగింది. ఆ వంగుడు సుబ్బలక్ష్మికి తెలియదు. ఆవిడ కర్ర ఎదుటి కర్రను వెతుక్కుంటూ వచ్చి సక్కుబాయి నడినెత్తిన ఠక్కున పడింది.

"అయ్యయ్యో! మీరు వంగుతారని నాకేం తెలుసండీ!"

సక్కుబాయి నెత్తి తడుముకుంది. "మా అత్త సుత నా మీద చెయ్యి లేపలే. నువ్వు కట్టెతోనే కొట్టినవ్ గదమ్మా!" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ప్రవీణ పైనుంచి పరుగెత్తుకొచ్చింది. అత్త అలా నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తు రాక ఆ పిల్లకు కళ్ళు చెమర్చాయి.

వంగుడు వదలడానికి సక్కుబాయి ససేమిరా అంది. చివరికి వంగి లేచాక కర్ర కలపాలని రాజీ కుదిరింది. ఆట కాసేపు, మాటలు దానికి రెట్టింపు. చారులో బెల్లం వెయ్యాలా వద్దా అని ఇద్దరూ రోజూ తగువుపడేవారు. ఒళ్ళు పులిసిందని సక్కుబాయి మంచమెక్కితే, సుబ్బలక్ష్మి కర్రలతో గుమ్మంలో నిలబడేది. ఇక దిగక తప్పేది కాదు. పోనుపోను ఆమెకు ఆకలి పుట్టింది, దిండు మీద తల ఆనగానే నిద్ర పట్టింది. వానలు పడేనాటికి షుగరూ దిగింది. మాత్రలు మానొద్దన్నాడు గానీ డాక్టరు సూదుల ఊసెత్తలేదు.

మళ్ళీ నిమజ్జనం వచ్చింది. మధ్యాహ్నమే బస్తీ వినాయకుడి బండి కదిలింది. దాని ముందు డప్పులు, డప్పుల వెనక కోలాటం.

"అమ్మా, ఎనక కారు తెస్త. జర ఆయాసమొస్తే ఎక్కు," అన్నాడు నరేందర్.

"ఫికర్ చెయ్యకు. నీ కార్ల నువ్వే కూసో."

అంది గానీ, లోపల భయం లేదనుకోకండి. నిరుడు కూలబడ్డ చోటు దగ్గరపడేసరికి అడుగు నెమ్మదించింది. ఆటో ఎక్కించినప్పుడు చూసిన మొహాలే చుట్టూ ఉన్నాయి. ఎదురుగా సుబ్బలక్ష్మి చెమటలు కక్కుతూ కర్ర ఎత్తింది. తను ఆగితే ఆవిడా ఆగిపోవాలి. సక్కుబాయి వంగింది, లేచింది, కర్ర కలిపింది. ఆ ఫుట్‌పాత్ వెనకబడిపోయింది.

అక్కణ్ణుంచి ఆమెను పట్టేవాళ్ళు లేకపోయారు. కొంగు నడుముకు బిగించి పాట అందుకుంది. అద్దాల మేడల్లోంచి కుర్రాళ్ళు దిగొచ్చి ఫోన్లలో తీసుకున్నారు. చెరువు గట్టెక్కేసరికి ఇంకా పొద్దుంది. నరేందర్ ట్రాఫిక్‌లో కారు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. డప్పుల వాళ్ళు డప్పులు దించి చెమట తుడుచుకుంటున్నారు. సక్కుబాయి వాళ్ళ ముందుకెళ్ళి కర్రలు టకటకలాడించింది.

"ఏంది బిడ్డా, గప్పుడే అలిసిన్రా? కొట్టుండ్రి! మా ఆట ఇంకా అయిపోలే!"